నీటి లెక్కలో కర్ణాటక

పశ్చిమ కనుమల అంచున ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురుస్తుంది. అక్కడికి తూర్పుగా, నేరుగా కొలిస్తే 200 కిలోమీటర్ల లోపే ఉన్న చిత్రదుర్గ జిల్లా చెళ్లకెరెలో ఏడాది మొత్తం మీద 500 మిల్లీమీటర్లు పడితే మంచి కాలం కిందే లెక్క. 1,91,791 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 31 జిల్లాలు ఉన్న కర్ణాటకలో వ్యవసాయం గురించి మాట్లాడినా, అడవుల గురించి మాట్లాడినా, ఈ తేడాను పక్కన పెట్టి ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేము. కరవు బారిన పడే భూమి రాజస్థాన్ తరువాత ఎక్కువగా ఉన్నది ఈ రాష్ట్రంలోనే. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం వస్తున్నదీ ఇక్కడి నుంచే.

2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 35 లక్షల మంది. వీరిలో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడినవారికి కర్ణాటక అంటే ఎక్కువగా బెంగళూరే. సెలవు దొరికితే కూర్గ్, మైసూరు, హంపి. ఈ రాష్ట్రానికి మరో ముఖం ఉందని తెలియకపోవడం వారి తప్పేమీ కాదు. ప్రభుత్వ నివేదికలు కూడా వ్యవసాయాన్ని ఒక అధ్యాయంలో, అటవీ సంపదను మరొక అధ్యాయంలో, పర్యాటకాన్ని, పరిశ్రమలను ఇంకెక్కడో వేరు వేరుగా రాసుకుంటూ పోతాయి. ఒక అధ్యాయంలో లాభంగా కనిపించేది మరో అధ్యాయంలో ఎవరి ఖాతాలో నష్టంగా పడిందో ఆ పద్ధతిలో తెలియదు. నీరు ఎక్కడ పుట్టి, ఎవరి పొలంలోకి పారి, చివరికి ఎవరికి అందకుండా పోతున్నదో వెంబడిస్తే మాత్రం ఆ ఖాతాలన్నీ ఒకే పుస్తకంలో ఉన్నాయని అర్థమవుతుంది.

తుంగభద్ర ఎడమ గట్టు

బెంగళూరు కిరాణా కొట్లలో సోనామసూరి బస్తాల మీద గంగావతి, కారటగి, సింధనూరు పేర్లు తరచుగా కనిపిస్తాయి. ఈ మూడూ తుంగభద్ర ఎడమ కాలువ ఆయకట్టులోని ఊళ్లు. హొసపేట దగ్గర నిర్మించిన తుంగభద్ర ఆనకట్ట నుంచి 1953లో నీళ్లు వదలడం మొదలైన తరువాత కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి రైతు కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే ఇక్కడ అనేక ఎకరాల నల్లరేగడి దొరికేది. ముళ్లకంపలు కొట్టి, భూమిని చదును చేసి, మళ్లు కట్టి వారు వేసుకున్న నివాసాలను ఈనాటికీ క్యాంపులనే పిలుస్తారు. మూడో తరం వచ్చాక కూడా ఆ క్యాంపుల్లో ఇంటి భాష తెలుగే. వడ్ల మిల్లులు, ఎరువుల దుకాణాలు, కోత యంత్రాల వ్యాపారం చాలావరకు వారి చేతిలోనే ఉన్నాయి.

ఇంతవరకు ఇది శ్రమించి పైకి వచ్చినవారి కథ. దీనికి రెండో పార్శ్వం ఉంది. తుంగభద్ర ఎడమ కాలువను వరి కోసం రూపొందించలేదు. కొద్దిపాటి నీటిని వీలైనంత ఎక్కువ భూమికి అందించి, జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలను కరవు నుంచి కాపాడాలన్నది దాని ఉద్దేశం. వరికి అనుమతించిన విస్తీర్ణం చాలా తక్కువ. అయితే నీరు ముందుగా చేరే ఎగువ భాగంలో వరి విస్తరించింది. వరి మడికి కావలసిన నీరు జొన్న చేనుకు కావలసినదానికంటే చాలా ఎక్కువ కనుక, 220 కిలోమీటర్లకు పైగా సాగే ఆ కాలువ రాయచూరు జిల్లా మాన్వి, సిరవార ప్రాంతాలకు వచ్చేసరికి చిక్కిపోతుంది. చివరి ఆయకట్టు రైతులు ధర్నాలకు దిగడం, కాలువ గట్ల మీద పోలీసు కాపలా పెట్టి కిందికి నీరు వదలడం అక్కడ కొత్త సంగతి కాదు. కాగితాల మీద వారి భూమి మాగాణే. నీటి తీరువా రికార్డుల్లో కూడా అంతే. పొలంలో మాత్రం వానను నమ్ముకున్న మెట్ట పంట ఉంటుంది.

దీన్ని వలస రైతులకూ స్థానికులకూ మధ్య తగాదాగా చూపడం రాజకీయంగా సులభమే కానీ, వాస్తవం అంత సూటిగా లేదు. ఎగువన వరి వేసినవారిలో స్థానిక భూస్వాములూ ఉన్నారు. వరికి కనీస మద్దతు ధరతో పాటు పక్కనే మిల్లు, సిద్ధంగా మార్కెట్టు ఉండగా, జొన్నకు మద్దతు ధర ప్రకటనే తప్ప మిగతావేవీ లేనప్పుడు, నిబంధన పుస్తకంలో ఉందని జొన్న వేసుకునే రైతు ఎక్కడా ఉండడు. పంటల ప్రణాళిక గీసిన నీటిపారుదల శాఖ, ధర నిర్ణయించే యంత్రాంగం ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే ఇక్కడి అసలు లోపం.

ఆనకట్ట కూడా వయసు మీద పడి వంగుతున్నది. మొదట 133 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) నిలవగలిగిన జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 టీఎంసీలే పడుతున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో పంతొమ్మిదోది గొలుసు తెగి కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, నది ఉధృతంగా పారుతుండగానే ఉక్కు పలకలను ఒకదాని మీద ఒకటి దించి వారం రోజుల్లో ప్రవాహాన్ని ఆపగలిగారు. అప్పటికే 30 టీఎంసీలకు పైగా నీరు దిగువకు పోయింది. తరువాతి వానాకాలంలో భద్రత దృష్ట్యా నిల్వను 80 టీఎంసీలకు పరిమితం చేశారు. గేట్లన్నీ మార్చాలని నిర్ణయించారు. ఈ నీరు కర్ణాటకకు మాత్రమే చెందినది కాదు. కుడివైపు ఎగువ, దిగువ కాలువల ద్వారా బళ్లారితో పాటు అనంతపురం, కర్నూలు ప్రాంతాలకూ ఇదే ఆధారం. పూడిక వల్ల పోయిన సామర్థ్యానికి బదులుగా కొప్పళ జిల్లా నవలి దగ్గర మరో జలాశయం కట్టాలని కర్ణాటక ప్రతిపాదిస్తున్నది కానీ, పొరుగు రాష్ట్రాల సమ్మతి లేకుండా అది కదిలే పని కాదు. కృష్ణ మీద ఆలమట్టి ఆనకట్ట ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచడం గురించి కూడా తెలుగు రాష్ట్రాలతో ఇలాంటి వివాదమే నడుస్తున్నది.

హంపిలో పారుతున్న వారసత్వం

తుంగభద్ర ఆనకట్టకు కొద్ది దూరంలోనే హంపి ఉంది. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ నగరాన్ని చూసేందుకు వచ్చేవారు విఠ్ఠలాలయం రాతిరథం, విరూపాక్షుడి గోపురం, కమలమహల్ చూసి వెనుదిరుగుతారు. ఆ శిథిలాల మధ్య అరటి తోటలకు, వరి మళ్లకు నీరు తీసుకుపోతున్న సన్నని కాలువను ఎవరూ ఆగి చూడరు. విజయనగర కాలంలో నదికి అడ్డంగా బండరాళ్లతో ఆనకట్టలు కట్టి తవ్విన కాలువల్లో అది ఒకటి. తుర్తు కాలువ అంటారు. కొండల మధ్య సందు చూసుకుంటూ, ఎక్కడా యంత్రం అవసరం లేకుండా, కేవలం వాలు మీద ఆధారపడి అది ఐదారు వందల సంవత్సరాలుగా పారుతూనే ఉంది. రాయ కాలువ, బసవ కాలువ వంటి మరికొన్నింటి పాత తలకట్లు ఆధునిక జలాశయంలో మునిగిపోయినా, వాటికి జలాశయం నుంచే నీరు అందిస్తున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో ఈ కాలువలను బాగు చేశారు.

విజయనగరాన్ని ఏలిన సాళువ, తుళువ రాజుల కీర్తికి తెలుగు పాఠకులు గుడి గోపురాలనూ కవుల గోష్ఠులనూ గుర్తు చేసుకుంటారు. ఆ నగరాన్ని పోషించినది మాత్రం ఈ కాలువలు, చెరువులే. అందువల్ల హంపిని కాపాడడమంటే ఏమిటన్న ప్రశ్న తేలికైనది కాదు. ఆనెగొంది దగ్గర నది మీద వంతెన నిర్మాణం కారణంగా 1999లో యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టి, 2006లో తొలగించింది. ఆ వంతెన 2009లో నిర్మాణంలో ఉండగానే కూలిపోయింది. 2011లో విరూపాక్షుడి గుడి ముందరి బజారు మండపాల్లో కాపురాలు, దుకాణాలు పెట్టుకున్నవారిని ఖాళీ చేయించారు. రాళ్లకు రక్షణ దొరికింది. నదికి అటువైపు ఊళ్లకు వెళ్లే పిల్లలకు, రైతులకు మాత్రం పుట్టి ప్రయాణమో, చుట్టుదారో చాలా కాలం తప్పలేదు. వారసత్వ స్థలంలో సేద్యం చేసుకుంటున్నవారు పురాతన కాలువను వాడుతున్నందునే అది బతికి ఉందన్న సంగతి సంరక్షణ నిబంధనలు రాసేటప్పుడు గుర్తుండాలి. వాడకం ఆగిన కాలువ పదేళ్లలో పూడిపోతుంది.

తక్కిన స్థలాల్లో ఈ చిక్కు ఇంత లోతుగా లేదు. మలప్రభ ఒడ్డున ఉన్న చాళుక్యుల పట్టదకల్లు 1987లో, బేలూరు, హళేబీడు, సోమనాథపురలోని హొయసల ఆలయాలు 2023లో యునెస్కో జాబితాకెక్కాయి. పట్టదకల్లుకు నది వరదే ప్రధానమైన బెడద. 2019 ఆగస్టులో గుడుల ఆవరణలోకి నీరు వచ్చింది.

కాఫీ నీడలో ఏనుగులు

రాష్ట్రపు నీటిలో అధిక భాగం పుట్టేది కొండల సీమ అయిన మలెనాడులో, కూర్గ్ అని పిలిచే కొడగులో. కావేరి, తుంగ, భద్ర, హేమావతి, శరావతి అన్నీ పశ్చిమ కనుమల్లోనే పుడతాయి. ఆ కనుమలను కప్పి ఉన్న అడవికీ, దాన్ని ఆనుకుని చిక్కమగళూరు, హాసన్, కొడగు జిల్లాల్లో విస్తరించిన కాఫీ తోటలకూ మధ్య సరిహద్దు మనుషులు గీసుకున్నదే. బాబా బుడన్ అనే సూఫీ సాధువు 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్నది ఐతిహ్యం. తరువాతి కాలంలో ఇక్కడి కాఫీ ఇతర దేశాల్లోలా ఎర్రటి ఎండలో కాకుండా పెద్ద చెట్ల నీడలో పెరిగింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే తోటంతా ఒక్కసారిగా మల్లెపూల వాసనతో విచ్చుకుంటుంది. ఆ వాన తప్పినా, తరువాత రావలసిన రెండో వాన తప్పినా ఆ ఏటి కాపు పోయినట్లే. ఇప్పుడు చాలామంది రోబస్టా రకం కాఫీకి స్ప్రింక్లర్లతో ఆ వానను తామే కురిపిస్తున్నారు. అందుకు తోటల్లో తవ్విన కుంటల్లో వేసవిలోనూ నీరుంటుంది.

ఆ కుంటల దగ్గరికి ఏనుగులు రావడంలో ఆశ్చర్యం లేదు. నీరు, నీడ, పనసపండ్లు మూడూ ఒక్కచోట దొరికే తోట ఏనుగు దృష్టిలో అడవి కంటే మెరుగైన అడవి. 2023 గణనలో కర్ణాటకలో 6,395 ఏనుగులు ఉన్నట్లు అంచనా వేశారు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. తోటల్లోనే పుట్టి, తోటల్లోనే తిరిగే ఏనుగులు కూడా వీటిలో ఉన్నాయి. తెల్లవారుజామున పనికి వెళ్లే కూలీలే తరచుగా వాటి కంటపడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. తోట యజమాని ఎస్టేటు బంగళాలో ఉంటాడు, పర్యాటకుడు హోమ్‌స్టేలో ఉంటాడు. ప్రమాదం కాలినడకన పోయేవాళ్లది. పాత రైలు పట్టాలతో కంచెలు వేయడం, కందకాలు తవ్వడం, సౌరశక్తి తీగలు పెట్టడం వంటివన్నీ చేస్తున్నారు కానీ, ఒకచోట దారి మూస్తే ఏనుగు మరోచోట తేలుతుంది. 2014లో హైకోర్టు ఆదేశం తరువాత హాసన్ జిల్లా ఆలూరు ప్రాంతంలో 22 ఏనుగులను పట్టి తరలించారు. కొన్నేళ్లు గడిచేసరికి ఆ ఖాళీలోకి వేరే మందలు వచ్చాయి.

ఈ బెడద చిత్తూరు జిల్లా రైతులకు కొత్త కాదు. 1980ల నుంచి కుప్పం, పలమనేరు వైపు ఏనుగులు రావడం, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడడం వారికి తెలిసిందే. 2025 మే నెలలో కర్ణాటక నాలుగు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. గుంపులను అడవిలోకి మళ్లించేందుకు అవి పనికివస్తాయి. అడవిలో మేతా నీరూ తగ్గిన కారణాన్ని మాత్రం అవి మళ్లించలేవు.

పులుల సంగతి కొంత వేరు. 2022 గణన ప్రకారం మధ్యప్రదేశ్ (785) తరువాత ఎక్కువ పులులు ఉన్నది కర్ణాటకలోనే (563). 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైనప్పుడు ఎంపిక చేసిన తొలి తొమ్మిది అభయారణ్యాల్లో బండీపుర ఒకటి. 2009 నుంచి బండీపుర గుండా కేరళకు వెళ్లే రహదారి మీద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను నిషేధించారు. వయనాడు నుంచి ఎన్ని ఒత్తిళ్లు వచ్చినా అది కొనసాగుతున్నది. ఇది నిస్సందేహంగా విజయమే. అయినా ఆ సంఖ్య వెనుక రెండు విషయాలు కనిపించకుండా పోతాయి. మొదటిది, అడవి నేలను లాంటానా పొదలు ఆక్రమించి, జింకలు, అడవిదున్నలు మేసే గడ్డిని తగ్గిస్తున్నాయి. రెండోది, అడవి అంచున పశువులు మేపుకునేవారికి పులి వల్ల జరిగే నష్టం. 2025 జూన్‌లో మలె మహదేశ్వర కొండల్లో విషం కలిపిన ఆవు కళేబరాన్ని తిని ఒక ఆడపులి, దాని నాలుగు కూనలు చచ్చిపోయాయి. ఆవును పోగొట్టుకున్న కోపంతో జరిగిన పని అది. పరిహారం ఆలస్యమైన చోట ఇలాంటి కోపం పేరుకుపోతుంది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా అదే చామరాజనగర జిల్లాలో ఉంది. బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు పులుల అభయారణ్యం లోపలే ఉంటూ, 2011లో సామూహిక అటవీ హక్కులు పొందారు.

అడవిని మింగిన నీరు, ఆ నీటి మీద ఆధారపడ్డ జంతువులు రెండూ ఒకేచోట కనిపించే తావు కబిని. 1974లో కట్టిన ఆనకట్ట అడవినీ, గిరిజనుల ఆవాసాలనూ ముంచింది. ఇప్పుడు వేసవిలో జలాశయం వెనక్కి తగ్గినప్పుడు తేలే పచ్చికమీద వందల ఏనుగులు చేరతాయి, వాటిని చూడడానికి ఖరీదైన రిసార్టులు వెలిశాయి. శరావతి లోయ కథలో అలాంటి ఊరట లేదు. 1960లలో లింగనమక్కి జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాల్లో చాలామందికి ఇంకా భూమి పట్టాల సమస్య తీరలేదు. ఈలోగా అదే లోయలో, సింహపుతోక కోతుల అభయారణ్యం గుండా, నీటిని పైకి తోడి నిల్వ చేసి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే 2,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకం ప్రతిపాదన వచ్చింది.

వెనుకబాటుకు కొలతలు

రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా ఒక్క బెంగళూరు నగర జిల్లా నుంచే వస్తుంది. 2011 జనగణనలో పనిచేసేవారిలో దాదాపు సగం మంది రైతులు, వ్యవసాయ కూలీలే. ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెడితే ఆదాయం ఎక్కడ పోగుపడుతున్నదో, మనుషులు ఎక్కడ ఉన్నారో తెలుస్తుంది. 2002లో డి.ఎం. నంజుండప్ప కమిటీ 175 తాలూకాల్లో 114 వెనుకబడ్డాయని, అందులో 39 అత్యంత వెనుకబడినవని తేల్చింది. ఆ 39లో 21 కలబురగి విభాగంలోనే ఉన్నాయి. ఒకప్పటి నిజాం పాలనలోని బీదర్, కలబురగి, రాయచూరు వంటి ప్రాంతాలతో కూడిన ఆ విభాగానికి రాజ్యాంగ సవరణ ద్వారా 371-జె అధికరణం కింద ప్రత్యేక హోదా వచ్చింది. ఉద్యోగాల్లో, చదువుల్లో రిజర్వేషన్, ప్రత్యేక అభివృద్ధి మండలి ఏర్పడ్డాయి. 2019లో పేరు కల్యాణ కర్ణాటకగా మారింది. బెంగళూరులో భవన నిర్మాణ పనులకు యాదగిరి, రాయచూరు నుంచి వచ్చే కుటుంబాల వలస మాత్రం ఆగలేదు. పాలమూరు వలస తెలిసిన తెలుగు పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ పాత లెక్కలను తిరిగి చూసేందుకు 2024లో ఆర్థికవేత్త ఎం. గోవిందరావు అధ్యక్షతన మరో కమిటీ వేశారు.

అభివృద్ధి మెట్ట ప్రాంతానికి వచ్చినా ఎలా వస్తుందో పావగడ చూపిస్తుంది. తుమకూరు జిల్లాకు చెందినదైనా మూడు వైపులా అనంతపురం సీమ చుట్టుకుని ఉన్న ఈ తాలూకాలో తెలుగు ఇంటింటా వినిపిస్తుంది. వల్లూరు, తిరుమణి, రాయచర్లు వంటి ఊళ్ల పరిధిలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వెలిసింది. భూమిని కొనకుండా, ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు అనే పద్ధతిలో తీసుకున్నారు. వేరుశనగ వేసి వరుసగా నష్టపోయిన చోట, భూమి పేరు మీదే ఉండి కౌలు వస్తుంటే రైతు వద్దనడు. భూసేకరణకు ఇది చాలా మెరుగైన నమూనా. కాకపోతే కౌలు భూమి ఉన్నవాడికే వస్తుంది. ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ వలిచి బతికిన కూలీలకు, బీళ్లలో గొర్రెలు మేపుకున్నవారికి ఒప్పందంలో చోటు లేదు. సౌర పలకలు తుడిచే పనులు, కాపలా పనులు కొందరికే దొరికాయి. పది ఎకరాలున్న కుటుంబం ఏడాదికి రెండు లక్షలకు పైగా కౌలు తీసుకుంటుండగా, పక్క వీధిలోని కుటుంబం బెంగళూరు బస్సు ఎక్కుతున్నది.

కావేరి కోలారుకు చేరే దారి

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, నదిలేని గుట్ట మీద ఉంది. నగరానికి ఉత్తరాన ఉన్న నంది కొండల ప్రాంతంలో పెన్న, పాలారు, చిత్రావతి, పాపఘ్ని, దక్షిణ పినాకిని పుడతాయి. అనంతపురం, కడప, నెల్లూరు దాకా, తమిళనాడు దాకా వెళ్లే ఆ నదులు పుట్టినచోట మాత్రం ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. అందుకే నగరం దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, ఎన్నో వందల మీటర్ల ఎత్తుకు కావేరిని పంపులతో ఎక్కించుకుంటున్నది. 2018 సుప్రీంకోర్టు తీర్పులో బెంగళూరు తాగునీటికి అదనంగా 4.75 టీఎంసీలు కేటాయించారు. 2024 మార్చిలో బోర్లు ఎండి అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల కోసం వరుస కట్టిన కొన్ని నెలలకు, అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ ప్రారంభమై రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు అందుబాటులోకి వచ్చాయి. కావేరి కాలువల కింద సాగు చేసే మండ్య రైతు కరవు ఏట కాలువలో నీళ్లు లేవని ఆందోళన చేసేటప్పుడు, నగరానికి మాత్రం నీరు ఆగదు. తాగునీటికి ప్రాధాన్యం ఇవ్వడం న్యాయమే. కానీ ఆ నీటితోనే కార్లు కడిగే నగరం ముందు తన చెరువులను చూసుకోవాలన్న మండ్య రైతు మాటలోనూ న్యాయం ఉంది.

వాడిన నీరు ఎక్కడికి పోతుందన్నది అంతకంటే ఆసక్తికరమైన ప్రశ్న. దాని జవాబు కోలారులో ఉంది. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలకు జీవనది లేదు. వేల సంఖ్యలో ఉన్న గొలుసుకట్టు చెరువులే ఆధారం. ఒక చెరువు అలుగు పారితే కిందిది నిండేది. ఆ గొలుసు తెగిపోయాక బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి, వాటిలో ఫ్లోరైడు వచ్చింది. అయినా ఈ సీమ రైతు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మెట్టలో రాగి, కొద్దిపాటి తడి ఉన్నచోట మల్బరీ, డ్రిప్ కింద టమోటా, ఇంటి దగ్గర పాడి. దేశంలో పండే రాగిలో సగానికి పైగా కర్ణాటకదే. మండ్య పరిశోధన క్షేత్రంలో లక్ష్మణయ్య అనే శాస్త్రవేత్త భారతీయ, ఆఫ్రికా రాగులను సంకరపరిచి రూపొందించిన ఇండాఫ్ రకాలు ఆ పంట దిగుబడిని మార్చేశాయి. కోలారు మార్కెట్ యార్డులో టమోటా ధరను 15 కిలోల పెట్టె లెక్కన పాడతారు. ఆ పాట మదనపల్లె ధరను, అక్కడి నుంచి హైదరాబాదు ధరను కదిలిస్తుంది.

పట్టు సంగతి చూస్తే ఈ సేద్యంలోని ఒత్తిడి అర్థమవుతుంది. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకు చింతామణి, బాగేపల్లి నుంచే కాక హిందూపురం, మదనపల్లె వైపు నుంచి కూడా రైతులు గూళ్లు తెస్తారు. కర్ణాటక, ఆంధ్ర సంకర రకాల పసుపు గూళ్లు ఒకవైపు, బైవోల్టీన్ అనే మేలు రకం తెల్లటి గూళ్లు మరోవైపు పోసి ఉంటాయి. కొనుగోలుదారు గుప్పెడు గూళ్లు తీసి చెవి దగ్గర ఆడించి, వేలితో నొక్కి, మచ్చ ఉన్నవాటిని ఏరి చూసి పాట పెంచుతాడు. పురుగుకు ఆకు వేసిన నాటి నుంచి గూడు విప్పే దాకా సుమారు నెల పని. గూడు కట్టాక కొద్ది రోజుల్లో అమ్మకపోతే రెక్కల పురుగు గూడును చీల్చుకుని బయటికి వస్తుంది, దారం పనికిరాదు. కనుక ధర నచ్చలేదని సరుకు వెనక్కి తీసుకుపోయే అవకాశం రైతుకు లేదు. నెల రోజుల కష్టానికి, ఆకుకు పెట్టిన నీటికి విలువ ఆ పూట పాటలోనే తేలిపోతుంది.

ఇటువంటి చోటికి 2018 జూన్‌లో బెంగళూరు మురుగునీరు శుద్ధి అయి వచ్చింది. కోరమంగల, చల్లఘట్ట లోయల నుంచి రోజుకు 44 కోట్ల లీటర్లు గొట్టాల ద్వారా కోలారు జిల్లా చెరువులకు పంపే పథకం అది. మొదట నిండినవాటిలో లక్ష్మీసాగర చెరువు ఒకటి. కొద్ది వారాలకే నురగ కనిపించి, వ్యవహారం హైకోర్టుకు చేరి కొంతకాలం ఆగి, మళ్లీ సాగింది. వంద చెరువులకు పైగా నీరు చేరాక చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం పెరిగిందని రైతులే చెబుతారు. ఎండిన బావులు ఊరాయి, పూలతోటలు పెరిగాయి. అభ్యంతరం ఉన్నది నాణ్యత గురించి. ఆ నీటికి రెండు దశల శుద్ధి మాత్రమే జరుగుతున్నది. భార లోహాలు, ఇతర రసాయనాలు భూగర్భంలోకి దిగకుండా మూడో దశ శుద్ధి కావాలని స్థానిక నీటి ఉద్యమాలు మొదటి నుంచీ అడుగుతున్నాయి. చెరువు నీరు ఇంకి చేరే బోర్లే ఆ ఊళ్లకు తాగునీరు కూడా.

ఇదే జిల్లాలకు పశ్చిమ కనుమల నీరు తెస్తామని మొదలుపెట్టిన ఎత్తినహొళె పథకం ఇంకోవైపు నడుస్తున్నది. సకలేశపుర దగ్గర నేత్రావతి ఉపనదుల నుంచి 24 టీఎంసీలు ఎత్తి తూర్పుకు మళ్లించాలన్నది లక్ష్యం. 2012లో 8,323 కోట్ల రూపాయలుగా వేసిన అంచనా 23,000 కోట్లు దాటింది. 2024 సెప్టెంబరు 6న తొలి దశను ప్రారంభించారు. అక్కడ సగం నీరు కూడా దొరకదని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ముందే చెప్పారు. మంగళూరు వైపు నది దిగువన ఉన్నవారు, ఏనుగుల దారిలో తవ్వకాలు వద్దన్నవారు వ్యతిరేకించారు. కాలువ తూర్పున చివరి చెరువు దాకా చేరడానికి ఇంకా చాలా పని మిగిలి ఉంది. అంతకాలమూ కోలారుకు కచ్చితంగా రోజూ వచ్చే నీరు బెంగళూరు వదిలినదే. ఐదో దశతో నగరంలోకి వచ్చే కావేరి పెరిగింది కనుక మురుగు కూడా ఆ మేరకు పెరుగుతుంది, దాన్ని మరిన్ని తాలూకాలకు పంపాలన్న ప్రతిపాదనలు ఉన్నాయి. మూడో దశ శుద్ధికయ్యే ఖర్చు నీరు వాడిన నగరం నీటి బిల్లులో పడాలా, నీరు అందుకున్న జిల్లా పథకంలో పడాలా అన్నది మాత్రం ఇంతవరకు తేలలేదు.